ఆర్‌సింక్‌ల గా చివరి స్లాష్ లొల్లి

ఏంది భయ్, ఆర్‌సింక్ అంటే ఫైళ్లను ఒక కాడికెల్లి ఇంకో కాడికి కాపీ కొట్టే కమాండ్, 1996ల వచ్చిన టూల్ ఇది, ఇంకా గా ఒక్క స్లాష్ కాడనే దిమాక్ ఖరాబ్ చేస్తది. సోర్స్ ఫోల్డర్, అంటే ఏడికెల్లి కాపీ కొడ్తున్నమో గా ఫోల్డర్, పేరు చివర స్లాష్ (/) ఉంటే లోపలున్న ఫైళ్లే పోతయ్, లేకుంటే ఫోల్డర్‌కు ఫోల్డరే పోయి అవతల కూసుంటది, బ్యాకప్ ఒక తీరు కొట్టి రిస్టోర్ ఇంకో తీరు కొడితే ఫొటోస్ లోపల మళ్ల ఫొటోస్ అని ఇంకో ఫోల్డర్. పైకెల్లి పేరు సగం కొట్టి ట్యాబ్ నొక్కితే, కమాండ్లు కొట్టే షెల్లే దానంతటది స్లాష్ తగిలిస్తది, ఇగ చూస్కో.

గిదంత ఎందుకంటే హన్మకొండల మా బావకు ఫొటో స్టూడియో ఉంది, పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే "బావా, జర గా పాత డ్రైవ్‌కెల్లి ఆల్బమ్ తీసియ్యవా, పెళ్లోళ్లు వచ్చి కూసున్నరు" అని ఫోన్ మీద ఫోన్.

డిలీట్ ఆప్షన్ అయితే ఇంకా ఘోరం. సోర్స్‌ల లేనియన్నీ బ్యాకప్‌ల కూడ తీసేస్తది, ఒక్క మాట అడగదు. కరెంట్ పోయొచ్చినంక డ్రైవ్ మౌంట్ కాలేదనుకో, అంటే సిస్టమ్‌కు తగులుకోలేదనుకో, గా ఖాళీ ఫోల్డర్‌నే అసలు సరుకు అనుకోని అవతల ఉన్న పెళ్లిళ్లన్నీ ఊడ్చిపారేస్తది!! డ్రై రన్ (నిజంగ ఏం చెయ్యకుండ, ఏం చేస్తదో చూపెట్టుడు) పెట్టి చూస్కోవాలె అంటరు, సరే, పెడితే స్క్రీన్ మీద వేలకు వేల లైన్లు ఉరుకుతయ్, అండ్ల డిలీటింగ్ అన్న లైన్ ఏడుందో ఎవలు ఎతకాలె? లైన్లల్ల మాట ఎతికే గ్రెప్ కమాండ్ కొట్టాలెనట. బ్యాకప్ తీస్కునుడుకు ఒక కమాండ్, గది ఏం చేస్తదో తెల్సుకునుడుకు ఇంకో కమాండ్.

ఫైళ్లన్నీ ఒక్క మూట కట్టే టార్ నయం, ఫైల్ పేర్ల ముంగటి స్లాష్ తీసేస్తున్న అని మొఖం మీదనే చెప్తది.