డీ హాస్–వాన్ ఆల్ఫెన్ డోలనం గారికి ఒక ఫ్లాటు యజమాని విన్నపం

అయస్కాంత క్షేత్రంలో పెట్టిన లోహపు అయస్కాంతత్వంలో ఊపులుగా కనబడే మహారాజశ్రీ డీ హాస్–వాన్ ఆల్ఫెన్ డోలనం గారికి, హైదరాబాదు నుంచి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేము క్షేమం. ప్రయోగశాలలో తమరిని చల్లబరిచే డబ్బాలో ద్రవ హీలియం మాత్రం సగం ఆవిరైపోయింది.

ఈ లేఖకు కారణం ఒక టేపు. గత నెలలో తెల్లాపూర్ వైపు కొన్న ఫ్లాటు తాళాలు నా చేతికొచ్చాయి. కాగితాల మీద 1,450 చదరపు అడుగులున్న ఆ ఇంటిని నేనూ మా ఆవిడా గోడ నుంచి గోడకు కొలిస్తే లెక్క 1,020 దగ్గర ఆగిపోయింది. మిగతాది ఎక్కడుందని అడిగితే, మెట్లలోనూ లిఫ్టులోనూ లాబీలోనూ మీ వాటా ఉందండీ, దాన్నే సూపర్ బిల్టప్ అంటారని బిల్డరు మనిషి ఎంతో ఓర్పుగా చెప్పాడు. మరునాడు ప్రయోగశాలలో తమరి గ్రాఫు ముందు కూర్చున్నప్పుడు, ఈ ఊళ్లో వైశాల్యం గురించి అబద్ధమాడనిది తమరొక్కరేనని నాకు తోచింది.

తమరి వృత్తే అది కదా. లోహంలో ఎలక్ట్రాన్లు ఆక్రమించిన స్థితులకు ఫెర్మి ఉపరితలమని ఒక సరిహద్దు (నేల మీద కాదు, ఎలక్ట్రాన్ల ద్రవ్యవేగాల పటం మీద) ఉంటుంది; అయస్కాంత క్షేత్రం పెడితే ఎలక్ట్రాన్లు ఆ సరిహద్దు వెంట, అవుటర్ రింగు రోడ్డు మీద బండ్లలాగా, చుట్టూ తిరుగుతాయి. క్షేత్రం పెంచేకొద్దీ లాండౌ స్థాయిలనే ఎలక్ట్రాన్ల శక్తి మెట్లు ఒక్కొక్కటే సరిహద్దు దాటి ఖాళీ అవుతుంటే లోహపు అయస్కాంతత్వం పైకీ కిందికీ ఊగుతుంది, ఆ ఊపు పౌనఃపున్యమే సరిహద్దు లోపలి వైశాల్యాన్ని పట్టిస్తుందని 1952లో ఆన్సాగర్ అనే శాస్త్రవేత్త తేల్చాడు. అందులో లిఫ్టు వాటా కలపడం తమరికి చేతకాదు. కాకపోతే తమరి లెక్కంతా తలకిందులు. ఊపులు సమాన దూరంలో రావాలంటే క్షేత్రాన్ని కాక దాని విలోమాన్ని గీయాలి. వచ్చే వైశాల్యం కూడా చదరపు మీటర్లలో కాక ‘చదరపు మీటరుకు ఇన్ని’ అని వస్తుంది కనుక ఏ సబ్‌రిజిస్ట్రారూ దానికి స్టాంపు వేయడు.

తమరు 1930లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో, డీ హాస్, వాన్ ఆల్ఫెన్ అనే ఇద్దరికి, బిస్మత్ అనే లోహపు ముక్కలో కనబడ్డారు. అదే ఏడాది భౌతిక శాస్త్రవేత్త లాండౌ తమరి జాతకం రాసి, ప్రయోగంలో మాత్రం కనబడరని చేతులు దులుపుకున్నాడట. పెద్దవాళ్ల జోస్యాలు అలాగే ఉంటాయి.

మాకు కావలసింది బిస్మత్ కాదు, సేంద్రియ లోహాలు, అంటే కార్బన్ అణువులతో కట్టినవి. బీఈడీటీ–టీటీఎఫ్ అనే గంధకం కలిసిన కార్బన్ అణువులు పొరలుగా పేర్చుకుని, పొరకూ పొరకూ నడుమ అయాన్ల పొర అడ్డం పెట్టుకుంటాయి. పొర లోపల విద్యుత్తు హాయిగా నడుస్తుంది, పొర దాటాలంటే మాత్రం ప్రాణం మీదికి వస్తుంది. అందువల్ల వీటి ఫెర్మి ఉపరితలం ఇంచుమించు దొండకాయ. అడ్డంగా కోస్తే ఏ ముక్కైనా ఒకటే సైజు గనక ఎలక్ట్రాన్లన్నీ ఒకే తాళంలో ఊగుతాయి, గ్రాఫు రంపపు పళ్లలా లేస్తుంది. వాలుగా తరిగితే ముక్క పెద్దదవుతుంది: స్ఫటికాన్ని 60 డిగ్రీలు వంచితే తమరి పౌనఃపున్యం రెట్టింపు. బ్రోచరు వాళ్లకు ఈ కిటుకు ఇంకా తెలియదు, దయచేసి చెప్పకండి.

నా దగ్గరున్నది కాపర్ థయోసయనేట్‌తో కట్టిన కప్పా రకం (అణువుల పేర్పు తీరుకు పెట్టిన పేరు) లవణం. అందులో తమరి పౌనఃపున్యం సుమారు 600 టెస్లాలు (క్షేత్రాన్ని కొలిచే కొలమానంలోనే దీన్నీ చెబుతారు), అంటే 10 టెస్లాల దగ్గర అరవయ్యో ఊపు, 12 దగ్గర యాభయ్యోది. ఆ వైశాల్యం, ఎలక్ట్రాన్ల పటంలో మొత్తం ప్లాటు లాంటి బ్రిలువా మండలంలో సుమారు 15 శాతం. ఇంతవరకు పెద్దమనిషి తరహా. క్షేత్రం 20 టెస్లాలు దాటిందంటే చాలు, ఎలక్ట్రాన్లు మధ్యనున్న శక్తి అంతరాన్ని ప్రహరీ గోడలా దూకేసి మండలమంత వైశాల్యాన్ని చుట్టేస్తాయి. పౌనఃపున్యం 3,900 టెస్లాల దాకా పోతుంది. దీన్ని తమరి వాళ్లు అయస్కాంత భేదనం అంటారు, మావాళ్లు కబ్జా అంటారు. తేడా ఒక్కటే, తమరు కబ్జా చేసిన స్థలాన్ని కూడా గ్రాఫులో విడిగా చూపిస్తారు.

ఇక నా మొర. తమరు ఎంత నిజాయితీపరులో అంత గొంతెమ్మ కోరికలవారు. ఈ లవణంలో ఎలక్ట్రాన్ తన మామూలు బరువుకు మూడున్నర రెట్లున్నట్టు మసలుతుంది. ఆ లెక్కన 12 టెస్లాల దగ్గర అర కెల్విన్‌లో సగం ఎత్తున ఊగే తమరు, ద్రవ హీలియం మరిగే 4.2 కెల్విన్‌లో పది లక్షల్లో ఒక వంతైనా మిగలరు. స్ఫటికం కూడా మలినం లేనిదే కావాలి. ప్లాటినం తీగల మధ్య మైక్రో ఆంపియర్ల కరెంటు పెట్టి వారాలపాటు ఎవరూ కదల్చకుండా కాపలా కాస్తే నల్ల జీలకర్ర గింజంత పలక ఒకటి పెరుగుతుంది. దాన్ని సూక్ష్మదర్శిని కింద ఊపిరి బిగబట్టి, అయస్కాంతత్వాన్ని తూచే సన్నని మీట కొసన గ్రీజుతో అతికిస్తే, చల్లబరిచేటప్పుడు తొందరపడ్డామని అది టప్పున పగులుతుంది. పోయిన వారం జరిగిందదే.

ఇంకొక్క ఫిర్యాదు ఉంది. రెండు మితుల లోహంలో ఎలక్ట్రాన్ల సంఖ్య మారకపోతే తమరితో పాటు రసాయన పొటెన్షియల్, అంటే ఎలక్ట్రాన్లు నిండిన శక్తి మట్టం, కూడా ఊగుతుంది, అంటే హద్దు రాయే ఊగుతుందన్నమాట. మూడు మితుల లోహాలకు, ఊపుల ఎత్తు లెక్కకట్టేందుకు లిఫ్షిత్స్, కొసెవిచ్ అనే శాస్త్రవేత్తలు రాసిచ్చిన సూత్రం ఇక్కడ ఉన్నదున్నట్టుగా పనికిరాదు. సర్వేయరు గారే ఊగిపోతే నేనెవరితో చెప్పుకోను?

కొత్త హీలియం గురువారం వస్తుంది. ఆ రాత్రి క్షేత్రాన్ని 10 నుంచి 12 టెస్లాలకు మెల్లగా ఎక్కిస్తాను. నడుమ పది ఊపులు, ఒక్కటీ తగ్గకుండా చూపించగలరు. మా ఆవిడ మాత్రం ఆ 430 అడుగుల సంగతి కూడా తమరిని అడగమంటోంది.

ఇట్లు,
అరవయ్యో ఊపు దగ్గర కాచుకుని కూర్చున్న
తమ విధేయుడు