మందుల చీటీ కోసం పోటీ: ధర ఎందుకు తగ్గదు?

సబ్బుల కంపెనీ దుకాణదారుకు డజను కొంటే ఒకటి ఉచితమని చెప్పినా, నెలవారీ లక్ష్యం దాటిన సేల్స్‌మన్‌కు కమీషన్ పెంచినా అందులో తప్పుపట్టవలసిందేమీ లేదు. ఆ సబ్బు కొనాలా వద్దా అన్నది చివరకు డబ్బు చెల్లించే మనిషే తేల్చుకుంటాడు, నచ్చకపోతే పక్కనున్న మరో సబ్బు తీసుకుంటాడు. మందుల విషయంలో అలా కాదు. ఏ బ్రాండ్ వాడాలో డాక్టరు రాస్తారు, డబ్బు రోగి కడతాడు. అమ్మకాల ప్రోత్సాహకాల గురించి మాట్లాడేటప్పుడు మందులను మిగతా సరుకులతో ఒకే గాటన కట్టకూడదని నేను గట్టిగా అనడానికి కారణం ఇదే.

మన దేశంలో అమ్ముడయ్యే మందుల్లో ఎక్కువ భాగం పేటెంట్ గడువు తీరినవే. మధుమేహానికి వాడే ఒకే మెట్‌ఫార్మిన్ ఎన్నో కంపెనీల పేర్లతో దొరుకుతుంది. లోపలి మందు ఒకటే అయినప్పుడు పోటీ ధర మీద జరగాలి, ధర దిగిరావాలి. కానీ ఇక్కడ పోటీ చీటీ మీద పేరు కోసం జరుగుతుంది. డాక్టరు గది బయట బ్యాగుతో వేచి ఉండే మెడికల్ రిప్రజెంటేటివ్‌కు టార్గెట్ ఉంటుంది, మందుల షాపుకు బోనస్ స్కీములు ఉంటాయి, వీటన్నిటికీ అయ్యే ఖర్చు ఎమ్మార్పీలోనే ఇమడాలి. తక్కువ ఎమ్మార్పీ వేసిన కంపెనీకి పంచిపెట్టడానికి ఏమీ మిగలదు కాబట్టి, నాణ్యతలో ఏ లోటూ లేకపోయినా వెనకబడేది అదే. ఢిల్లీ పరిసరాల్లోని నాలుగు ప్రైవేటు ఆస్పత్రుల బిల్లులను పరిశీలించిన జాతీయ ఔషధ ధరల నియంత్రణ సంస్థ, కొన్ని మందులు, వైద్య సామగ్రిపై లాభం 1,737 శాతం దాకా ఉందని 2018లో వెల్లడించింది. పెద్ద మొత్తంలో కొనే ఆస్పత్రులకు అనువుగా కంపెనీలు ఎమ్మార్పీని పెంచి ముద్రిస్తున్నాయని కూడా ఆ సంస్థే చెప్పింది. మరుసటి ఏడాది అది 42 క్యాన్సర్ మందులపై వ్యాపార మార్జిన్‌ను (కంపెనీ అమ్మిన ధరకూ ఎమ్మార్పీకీ మధ్య తేడాను) 30 శాతానికి పరిమితం చేసింది.

ఈ నష్టం 2002 నాటి పోటీ చట్టానికి సులువుగా చిక్కదు. ఆ చట్టం ప్రధానంగా మార్కెట్‌పై ఆధిపత్యం ఉన్న సంస్థ దాన్ని దుర్వినియోగం చేసిందా, సంస్థలు కుమ్మక్కయ్యాయా అని చూస్తుంది. చిన్నాపెద్దా కంపెనీలు డాక్టర్లకు, షాపులకు ఎవరికి వారు విడివిడిగా ఇచ్చే కానుకల్లో ఆధిపత్యమూ కనిపించదు, ఒప్పందమూ కనిపించదు.

వైద్యులు కంపెనీల నుంచి కానుకలు, ప్రయాణ ఖర్చులు తీసుకోరాదని అప్పటి భారత వైద్య మండలి 2009 డిసెంబరులోనే నిబంధన పెట్టింది. అది డాక్టర్లకే గాని తమకు వర్తించదని వాదించిన కంపెనీలు ఆ ఖర్చును వ్యాపార వ్యయంగా చూపి పన్ను మినహాయింపు కోరాయి. అపెక్స్ లేబొరేటరీస్ కేసులో సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరి 22న ఆ వాదనను తోసిపుచ్చింది. ఉచితంగా ఇచ్చినట్టు కనిపించే వాటి ఖర్చు మందు ధరలో కలిసి రోగి మీదే పడుతుందని ధర్మాసనం స్పష్టంగా చెప్పింది.

2024 మార్చిలో కేంద్ర ప్రభుత్వ ఔషధ విభాగం తెచ్చిన నియమావళి కానుకలను, విదేశాల్లో జరిపే సదస్సులను నిషేధించింది, ఉచిత శాంపిళ్ల విలువ ఏడాది దేశీయ అమ్మకాల్లో 2 శాతం దాటరాదంది. అయితే ఫిర్యాదు విచారించేది కంపెనీల సంఘమే నియమించుకున్న కమిటీ. పోటీదారుల సంఘం తన సభ్యులపై తీర్పు చెప్పే ఏర్పాటును చట్టంతో సమానమని నేను అనుకోను. ఈ నియమావళికి పూర్వరూపమైన స్వచ్ఛంద నియమావళికి చట్టబద్ధత కల్పించాలని సుప్రీంకోర్టు తలుపు తట్టినది మెడికల్ రిప్రజెంటేటివ్‌ల సమాఖ్యే. టార్గెట్ భారం మోసేవారే అలా అడిగారంటే ఆ మాటకు బరువుంది.

బ్రాండ్ పేరు మానేసి జనరిక్ పేరే, అంటే లోపలి మందు పేరే, రాయమంటే సరిపోతుందని కొందరంటారు. 2023 ఆగస్టులో, వైద్య మండలి స్థానంలో వచ్చిన జాతీయ వైద్య కమిషన్ అలాగే ఆదేశించి, కొద్ది వారాల్లోనే ఆ నిబంధనలను నిలిపివేసింది. జనరిక్‌ల నాణ్యతపై వైద్యులకున్న సందేహం కొట్టిపారేయదగింది కాదు. పైగా చీటీలో జనరిక్ పేరు మాత్రమే ఉంటే ఏ కంపెనీ మాత్ర ఇవ్వాలో షాపు యజమాని నిర్ణయిస్తాడు, అప్పుడు ప్రోత్సాహకాలు డాక్టరు గదిని వదిలి కౌంటర్ దగ్గరికి చేరతాయి. రోగి చేతికి మాత్రం ఎంపిక రాదు.

అందుకే ఎవరు ఎవరికి ఎంత ఇచ్చారో బయటపెట్టే చట్టం ముందు రావాలి. అమెరికాలో 2010 నాటి చట్టం ప్రకారం, డాక్టర్లకు కంపెనీలు చేసే చెల్లింపుల వివరాలను ప్రభుత్వ వెబ్‌సైటులో ఎవరైనా చూడవచ్చు. మన దగ్గర ఈ పని మొదటి నుంచి మొదలుపెట్టనక్కర్లేదు. ఏడాదికి 20,000 రూపాయలు దాటిన, వ్యాపారంలో భాగంగా ఇచ్చే ప్రయోజనాలపై 10 శాతం పన్నును ఇచ్చేవారే ముందుగా కోసి కట్టాలన్న నిబంధన (టీడీఎస్) 2022 జులై 1 నుంచి అమలులో ఉంది, డాక్టర్లకిచ్చే ఉచిత శాంపిళ్లు సైతం దాని పరిధిలోకి వస్తాయి. కంపెనీలు నిజాయితీగా చూపినంత మేరకు ఆ లెక్క ఆదాయపు పన్ను శాఖ దగ్గర ఇప్పటికే ఉంది. దాన్ని రోగి చూడగలిగే చోట పెట్టే అధికారాన్ని పార్లమెంటు ఇవ్వాలి.