గల్లాపెట్టె దగ్గర ఎవరున్నారు?

ఇంగ్లీషు డిటెక్టివ్ సాహిత్యంలో ‘కోజీ మిస్టరీ’ అనే శాఖ ఒకటుంది. రక్తం కనిపించదు, బూతు వినిపించదు, శవం మాత్రం తప్పనిసరి. చిన్న ఊరు, ఊళ్లో ముచ్చటైన కొట్టు, ఆ కొట్టు యజమానురాలే అపరాధ పరిశోధకురాలు. పోలీసులకు అంతుపట్టని హత్యను ఆవిడ మూడొందల పేజీల్లోపే తేల్చేస్తుంది. ఇన్ని కేసులు తేలినా ఒక్కటి మాత్రం అలాగే పెండింగులో ఉంది. పట్టపగలు, బేరాల వేళ, ఆవిడ అనుమానితుల ఇళ్ల చుట్టూ తిరుగుతుంటే గల్లాపెట్టె దగ్గర ఎవరున్నారు?

పాతతరం వాళ్లు ఈ చిక్కు రానివ్వలేదు. 1930లో తొలి నవలలోకి అడుగుపెట్టిన అగాథా క్రిస్టీ ముసలి పరిశోధకురాలు మిస్ మార్పుల్‌కు కొట్టు లేదు. ఆవిడ పెట్టుబడంతా రెండు అల్లికసూదులు, ఓ ఉన్ని ఉండ. 1984 నుంచి 1996 దాకా 264 ఎపిసోడ్ల పాటు టీవీలో హంతకుల్ని పట్టిన ‘మర్డర్, షీ రోట్’ సీరియల్ నాయిక జెస్సికా ఫ్లెచర్ వృత్తిరీత్యా రచయిత్రి. రాస్తున్న నవలను నాలుగు రోజులు పక్కన పెడితే పులిసిపోదు. మన కొమ్మూరి వారి యుగంధర్‌కైతే అసలా దిగులే లేదు. ఆఫీసుంది, అసిస్టెంటు రాజు ఉన్నాడు, పాడైపోయే సరుకు లేదు. కొట్టుతో వచ్చిన చిక్కేమిటంటే, అందులో సరుకుంటుంది.

కాబట్టి ఈ వృత్తిలోకి దిగదలచినవారు ముందు చూడాల్సింది ఊరి అందం కాదు, సరుకు ఆయుష్షు. పూలకొట్టు ఆత్మహత్యాసదృశం. కోసిన పూలు వారం ఆగడమే గొప్ప, కేసు అంతకన్నా ఎక్కువ సాగుతుంది. ఉన్నికొట్టు నయం, చిమ్మటలు పడకుండా చూసుకుంటే చాలు. తేయాకు తడీ గాలీ తగలకపోతే నెలల తరబడి నిలుస్తుంది. అందుకే లారా చైల్డ్స్ 2001లో మొదలుపెట్టిన సిరీస్‌లో అమెరికాలోని చార్ల్స్‌టన్ టీకొట్టు యజమానురాలు థియోడోషియా అంత నిబ్బరంగా ఊరు తిరగగలుగుతోంది. పైగా టీ సంగతి డ్రేటన్, వంటింటి సంగతి హేలీ చూసుకుంటారు. ఈ శాఖలో సిబ్బందికి జీతాలిచ్చి మరీ పరిశోధన చేసేవాళ్లు అరుదు, ఆ మాత్రం గౌరవం ఆవిడకు దక్కాలి. అన్నిటికన్నా లాభసాటి పుస్తకాల కొట్టు. అమెరికాలో అమ్ముడుపోని పుస్తకాలను చాలావరకు ప్రచురణకర్తకే తిప్పి పంపే ఏర్పాటుంది. హత్య జరిగిన నెలలో బేరాలు పడిపోయినా సరుకు వెనక్కి పోతుంది.

అయినా రచయితలు ఎగబడేది బేకరీ మీదే. అందులో ఒక లెక్క ఉంది.

రొట్టెల బేకరీ అయితే పరిశోధన సాగదు. ఈస్టు వేసిన పిండికి ఓపిక తక్కువ. వెచ్చని వంటింట్లో గంటన్నరలో పొంగాల్సిన పిండిని వదిలేసి యజమానురాలు సాక్షిని కలవడానికి వెళ్లి మూడు గంటలకు తిరిగొస్తే, పొంగు దిగిపోయి, పుల్లటి వాసన కొడుతూ గిన్నెలో చతికిలబడి ఉంటుంది. కుకీ పిండి అలా కాదు. వెన్న, పంచదార, గుడ్డు, మైదా కలిపి ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు రోజులు నోరు మూసుకుని పడుంటుంది. పైగా మైదా బాగా నానుతుంది, వెన్న గట్టిపడి ట్రేలో ముద్ద పరుచుకుపోదు, రుచీ పెరుగుతుంది. నేరపరిశోధన వల్ల నాణ్యత పెరిగే సరుకు ప్రపంచంలో ఇదొక్కటే.

ఇంకో సౌకర్యం కాలపరిమాణం. చాక్లెట్ చిప్ కుకీలు 175 డిగ్రీల సెల్సియస్ దగ్గర 10 నుంచి 12 నిమిషాల్లో కాలతాయి. పక్కింటావిడతో కబుర్లలో పెట్టి ఒక ఆనవాలు లాగడానికి సరిగ్గా అంతే పడుతుంది. పౌండ్ కేకు పెడితే గంట పడుతుంది. గంటసేపు కదిపితే ఏ సాక్షైనా అబద్ధాలు మొదలుపెడుతుంది.

జోఆన్ ఫ్లూక్ అనే రచయిత్రికి ఈ మర్మం తెలుసు. 2000లో వచ్చిన సిరీస్ తొలి నవల్లో ఆవిడ తన పరిశోధకురాలు హానా స్వెన్సెన్ చేత మిన్నెసోటా రాష్ట్రంలోని ఓ ఊళ్లో కుకీల కొట్టే పెట్టించింది, రొట్టెల కొట్టు కాదు. పాలు వేసే మనిషి ఆ కొట్టు వెనకే శవమై తేలాడు. సరఫరాదారుడు పోతే రేపటి పాలు ఎక్కడివన్న ప్రశ్న మాత్రం సాహిత్య విమర్శకులెవరూ లేవనెత్తలేదు.

ఆస్ట్రేలియా రచయిత్రి కెర్రీ గ్రీన్‌వుడ్ మాత్రం మొండికేసి, 2004లో మెల్‌బోర్న్‌లో కొరినా చాప్‌మన్ అనే నాయిక చేత రొట్టెల బేకరీ నడిపించింది. ఫలితం, ఆ మహాతల్లి తెల్లవారుజామున నాలుగింటికి లేవాలి. కొరినా పూర్వాశ్రమంలో అకౌంటెంటు కావడం యాదృచ్ఛికం అనుకోకండి. ఈ శాఖలో చిట్టా రాయడం తెలిసినవాళ్లు ఎంతమందో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

శవం విషయంలోనూ జాగ్రత్త అవసరం. అది కొట్టు వెనక సందులో దొరకాలి గానీ వంటింట్లో దొరకకూడదు. వంటింట్లో దొరికితే పోలీసులు పసుపు టేపు కట్టి తాళం వేస్తారు. ఆ గొడవలో ఎవరైనా ఫ్రిజ్ ప్లగ్ పీకితే, అమెరికా ఆహార నిబంధనల ప్రకారం 5 డిగ్రీల లోపు ఉండాల్సిన పాలూ క్రీమూ పారబోయాల్సిందే. ఏ నవల్లోనూ ఈ నష్టానికి బీమా దరఖాస్తు పెట్టిన దాఖలా లేదు. పిల్లి సంగతి మరీ సున్నితం. ఈ శాఖలో పిల్లి లేని కొట్టుకు శుభారంభం ఉండదు. కానీ అదే నిబంధనలు వంట జరిగే చోట పెంపుడు జంతువుల్ని రానివ్వవు. హంతకుణ్ణి మూడో అధ్యాయంలోనే వాసన పట్టిన పిల్లి, ఆరోగ్య శాఖ ఇన్‌స్పెక్టర్ కంట మాత్రం ఒక్కసారీ పడదు. అసలైన పరిశోధనా ప్రతిభ దానిదే.

హంతకుడెవరో ముందే తెలుసుకోవాలంటే డిటెక్టివ్ కథల రచయిత రోనాల్డ్ నాక్స్ ఆ కథలకు 1929లో పెట్టిన పది నియమాల్లో మొదటిది చాలు: దోషి కథ మొదట్లోనే కనిపించి ఉండాలి. తొలి అధ్యాయాల్లో ఏ పనీ లేకుండా కొట్టుకొచ్చి, కాఫీ తాగి, చిల్లర కూడా తీసుకోకుండా వెళ్లిన మర్యాదస్తుడి మీద కన్నేసి ఉంచండి. వ్యాపారంలో చిల్లర వదిలేసేవాడు మామూలు మనిషి కాదు.

ఇక గల్లాపెట్టె దగ్గరున్న మనిషి. ఆవిడకు పేరుంటుంది, ఇంటిపేరు గుర్తుండదు. సహాయకురాలు. ‘ఇప్పుడే వస్తా, కొట్టు చూసుకో’ అని యజమానురాలు వెళ్లిపోతే సాయంత్రం దాకా బేరాలూ, ఫోన్లూ, ఓవెనూ ఆవిడ మీదే. కత్తులెక్కడున్నాయో తెలుసు, తాళంచెవి ఒకటి ఆవిడ దగ్గరే ఉంటుంది, ఊళ్లో ఎవరు ఏ పూట ఏం తింటారో నోటికొచ్చు. ఇంత అవకాశం ఉన్న మనిషిని ఏ యజమానురాలూ మనస్ఫూర్తిగా అనుమానించదు. కారణం స్పష్టం. ఆవిడ అరెస్టయితే మర్నాడు కొట్టు తెరిచేవాళ్లుండరు.

చివరి అధ్యాయంలో మూసేవేళ దాటాక హంతకుడు లోపలికొస్తాడు, నేరమంతా వరసగా ఒప్పుకుంటాడు, యజమానురాలు చేతికందిన మైదా బస్తా విప్పి వాడి మొహాన కొడుతుంది. పోలీసులు వాణ్ణి తీసుకెళతారు, ఆవిడ ఇంటికెళ్లి పడుకుంటుంది. పొద్దున్నే వచ్చి, తాళం తీసి, నేల మీదా కౌంటరు అద్దం మీదా పేరుకున్న ఆ మైదా అంతా పొడిచీపురుతో ఊడ్చేది సహాయకురాలే. ముందే తడిగుడ్డ వేస్తే అది జిగురవుతుందని ఆ కొట్టులో తెలిసింది ఆవిడొక్కదానికే.