వికారాబాద్ గుట్టల దాకా సైకిల్ ఎట్లా పోవాలి సారూ?

హైదరాబాద్ నుంచి సైకిల్ మీద పల్లెల్లోకి పోవాలంటే ముందు కారు కావాలి. నవ్వులాట కాదు. ఆదివారం తెల్లవారుజామున చిలుకూరు వైపో అనంతగిరి వైపో పోయే కార్ల వెనక ఓసారి చూడండి. లక్ష రూపాయల సైకిళ్లు బెల్టులతో బిగించి వేలాడుతుంటాయి. బండ్లు లేని రోడ్డు మీద తొక్కుదామని బయల్దేరి, అదే రోడ్డు మీదికి ఇంకో బండిని వేసుకుని పోతున్నారు. వాళ్లను తప్పు పట్టను. మెహదీపట్నం నుంచి అప్పా జంక్షన్ దాటేదాకా ఆ ట్రాఫిక్‌లో తొక్కమని పెళ్లాం పిల్లలున్న మనిషికి నేనెందుకు చెప్తాను?

"మనకు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ సైకిల్ ట్రాక్ ఉంది కదా" అని వెంటనే ఎవరో ఒకరు అంటారు. ఉంది. 2023 అక్టోబర్ 1న తెరిచారు. 23 కిలోమీటర్లు, నాలుగున్నర మీటర్ల వెడల్పు, పైన 16 మెగావాట్ల సోలార్ పలకలు. ఎండ కొట్టదు, వాన తడపదు. పిల్లలకు సైకిల్ నేర్పాలన్నా, ఆఫీసుకు ముందు గంటసేపు చెమట పట్టించాలన్నా అంతకంటే మంచి చోటు సిటీలో లేదు. కానీ అది ఏ ఊరికీ పోదు. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా ఒక ముక్క, నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఇంకో ముక్క, రెండూ ఔటర్‌ను అంటిపెట్టుకునే ఉంటాయి. పక్కన కార్ల హోరు వింటూ చివరిదాకా పోవడం, మళ్లీ అదే హోరు వింటూ తిరిగి రావడం. ట్రెడ్‌మిల్‌ను పొడుగ్గా సాగదీసి పైన కప్పు వేసినట్టు ఉంటుంది.

నేను అడిగేది వేరే. వెనక క్యారియర్‌కు రెండు సంచులు, ఒక జత బట్టలు, పంక్చర్ కిట్టు, గ్లూకోజ్ బిస్కెట్లు. పొద్దున ఒక ఊళ్లో ఎక్కి రాత్రికి ఇంకో ఊళ్లో దిగడం. మధ్యలో గుట్టలు ఉండాలి, చెట్లుండాలి, హారన్ ఉండకూడదు. సగటు వేగం ఎంతని యాప్‌లో చూసుకునే బాపతు కాదిది. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో కొట్టే బ్రెవే (గడువు లోపల దూరం పూర్తి చేసే సైకిల్ రైడ్) వాళ్లంటే నాకు గౌరవమే, నా మోకాళ్లకు ఆ ఓపిక లేదు అంతే. అయినా వాళ్లు కూడా చాలాసార్లు తొక్కేది హైవే అంచున తెల్లగీత అవతల, లారీల గాలి తింటూనే.

ఇప్పుడు అసలు సంగతి. ఆ రోడ్లు మనకు లేక కాదు. వికారాబాద్ దాటి అనంతగిరి చుట్టూ, కోటిపల్లి ప్రాజెక్టు వైపు తిరిగే ఊరి రోడ్లు చూడండి. ఎర్రమట్టి, పత్తి చేలు, కంది చేలు, మధ్యలో ఒక్క వరుస తారు. మూసీ పుట్టింది ఆ గుట్టల్లోనే. సిటీలో ముక్కు మూసుకుని దాటే నది, అక్కడ వానాకాలంలో చెట్ల మధ్య సన్నగా పారుతుంటే చూసి నమ్మబుద్ధి కాదు. ఇటు తూర్పున రాచకొండ గుట్టలున్నాయి. రేచర్ల పద్మనాయకులు రాజధానిగా ఏలిన చోటు. హైదరాబాదీలకు మాత్రం ఆ పేరు పోలీసు కమిషనరేట్ పేరుగా ట్రాఫిక్ చలానా మీద చూసిందే గుర్తు! కోట గోడలు, ఏనుగులంత బండరాళ్లు, సీతాఫలం పొదలు, అక్కడక్కడ తండాలు. ఆ దారిన పొద్దున్నే పోతే ఎదురయ్యేవి మేకల మందలు, పాల క్యాన్ల బైకులు, స్కూలు ఆటో. అంతే.

మక్కల కోతలప్పుడు ఈ రోడ్లు ఇంకా బాగుంటాయి. సగం రోడ్డు మీద గింజలు ఆరబోసి, అంచున చేతికందిన రాళ్లు వరసగా పేరుస్తారు. ఒకామె చీర కొంగు నెత్తికి చుట్టుకుని, చెప్పులు విడిచి, పాదాలతో ఆ గింజల్ని సాళ్లు సాళ్లుగా తిరగేస్తూ నడుస్తుంది. కార్ల వాళ్లు కిటికీ దించి తిడతారు. సైకిల్ వాడికి మాత్రం అంతకంటే మంచి స్పీడ్‌బ్రేకర్ ఏ ఇంజినీరూ కట్టలేడు. చీకటి పడ్డాక ఆ రాళ్లు తగిలి బైకుల మీద పోయేవాళ్లు పడుతున్నారు, అది మాత్రం నవ్వే సంగతి కాదు. కల్లాలు కట్టిస్తే ఆ బాధ తప్పుతుంది.

చాయ్ హోటల్ ముందు ఆగితే మొదటి ప్రశ్న ఎప్పుడూ ధర గురించే. ఓ పెద్దాయన నా ముందు చక్రాన్ని బొటనవేలితో నొక్కి చూసి, "గింత సన్నం టైరుకు గన్ని పైసలా? మోటర్ సైకిలే వస్తుండె గదా బిడ్డా" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. రెండో చాయ్ తాగాను.

బయటి దేశాల్లో ఈ సరదాకు పెద్ద దారులు వేశారు. అక్కడ కలిసొచ్చింది పాత రైలు కట్టలు. రైలు నిటారు ఎత్తు ఎక్కలేదు. అందుకే నూరేళ్ల కిందటి ఇంజినీర్లు గుట్టల్ని తవ్వి, లోయల మీద వంతెనలు కట్టి, వంద మీటర్లకు రెండు మీటర్లకు అటూ ఇటూగా మాత్రమే ఎత్తు పెరిగేటట్టు లైను వేశారు. రైళ్లు ఆగిపోయి పట్టాలు పీకేశాక మిగిలిన కట్ట సైకిల్‌కు సరిగ్గా సరిపోయింది. చుట్టూ కొండలే ఉంటాయి, అరవై ఏళ్లావిడ కూడా రొప్పకుండా ఎక్కేస్తుంది. స్పెయిన్ 1993లో ఈ పని మొదలుపెట్టి ఇప్పటికి మూడు వేల కిలోమీటర్లు దాటించింది. న్యూజిలాండ్‌లో ఒటాగో లైను 1990లో మూతపడింది, 2000 కల్లా 150 కిలోమీటర్ల సైకిల్ దారిగా తెరిచారు. రైలు పోవడంతో కళ తప్పిన ఊళ్లు, సైకిళ్ల మీద వచ్చేవాళ్లకు గదులు అద్దెకిచ్చి, భోజనం పెట్టి మళ్లీ లేచి నిలబడ్డాయి.

మనకు ఆ అదృష్టం తక్కువ. చాలాచోట్ల మీటర్ గేజ్ పీకి దాదాపు అదే కట్ట మీద బ్రాడ్ గేజ్ వేసేశారు. నల్లమలలో దొరబావి దగ్గర పాత లైను వదిలేశారు గానీ, అది పులుల అడవి. నాకు సైకిల్ ఇష్టమే, అంత ఇష్టం మాత్రం కాదు.

కాబట్టి మనకున్నవి ఊరి రోడ్లే. వాటికి వచ్చిన ముప్పు టిప్పర్. రాయి క్వారీలు, క్రషర్లు ఎక్కడుంటే అక్కడ మూడున్నర మీటర్ల రోడ్డు మీద లోడు బండ్లు తిరుగుతాయి. తారు అంచులు విరిగిపోతాయి, మలుపుల్లో కంకర చిప్స్ ఒలికి పరుచుకుంటాయి. దిగుడులో వచ్చే సైకిల్ ముందు చక్రం ఆ చిప్స్ మీద పడితే బ్రేకు పట్టినా జారుతుంది, పట్టకున్నా జారుతుంది. వెనక టిప్పర్ వస్తుంటే పక్కకు దిగుదామా అంటే అక్కడ సర్కారు తుమ్మ. దాని ముల్లు టైరులో విరిగితే పైకి కనిపించదు. ట్యూబు మారుస్తావు, కిలోమీటరు పోకముందే మళ్లీ గాలి పోతుంది. వేలితో టైరు లోపలంతా తడిమి ఆ నల్లటి మొన దొరికించుకునేసరికి వేలు కూడా రక్తం కారుతుంది.

హైవే వెడల్పు కోసం చేవెళ్ల రోడ్డు మర్రిచెట్లు కొట్టాలా వద్దా అనే గొడవ అందరికీ తెలిసిందే. దాదాపు 900 చెట్లు, కొమ్మలు రెండు వైపుల నుంచి కలుసుకునే నీడ. చెట్లు మిగలాలని నా కోరిక. అలాగని ఆ రోడ్డు వెడల్పు చేయొద్దని మాత్రం అనలేను. 2025 నవంబర్లో మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ ఆర్టీసీ బస్సును గుద్ది అంతమంది చనిపోయాక అలా అనడానికి నోరు రాదు. బస్సులో పోయేవాళ్లకు మంచి హైవే కావాలి. కానీ హైవే పక్కనున్న ప్రతి చిన్న రోడ్డునూ దానికి సందుదారిగా మార్చక్కర్లేదు.

ఇంకో మాట. గండిపేట, హిమాయత్‌సాగర్ చుట్టూ ఊళ్లు ఇంతకాలం నిమ్మళంగా ఉన్నాయంటే సైకిల్ వాళ్ల మీద ప్రేమతో కాదు. ఆ చెరువుల నీళ్లు కాపాడటానికి 1996లో 84 ఊళ్లలో కట్టడాలకు అడ్డుకట్ట వేసిన జీవో 111 పుణ్యం అది. 2022లో ఆ ఆంక్షలు ఎత్తేస్తూ ఇంకో జీవో ఇచ్చారు. అటు వికారాబాద్ వైపు దామగుండం అడవిలో 2,900 ఎకరాలు నేవీ రేడియో స్టేషన్‌కు పోయాయి, 2024 అక్టోబర్లో శంకుస్థాపన కూడా అయింది. దేశ రక్షణ మీద నేను తీర్పు చెప్పలేను. కానీ అక్కడి మట్టి దారుల్లో తొక్కినవాళ్లకు ఏం పోయిందో చెప్పడానికి ఇంజినీరింగ్ చదవక్కర్లేదు. సిటీ చుట్టూ ఇట్లాంటి దారులు ఎవరూ కావాలని చెరపడం లేదు. వేరే ఏదో పని మీద వచ్చి తొక్కేసి పోతున్నారు, అంతే.

కొత్త ట్రాక్ వేయమని నేను అడగను. దానికి టెండరు, టెండరుకు కాంక్రీటు, కాంక్రీటుకు మళ్లీ కంకర, కంకరకు మళ్లీ టిప్పర్. ఉన్న ఊరి రోడ్లనే ఒకదానికొకటి కలుపుతూ ప్రతి మలుపులో ఒక చిన్న బోర్డు పెట్టండి: ఏ ఊరు, ఎంత దూరం, మంచినీళ్లు ఎక్కడ. దీనికి రెండు పెయింట్ డబ్బాలు, నడుం వంచే మనిషి ఒకడు చాలు. ఆపైన వికారాబాద్ జంక్షన్ ఉండనే ఉంది. పొద్దున పోయే ఏదైనా ఒక రైల్లో సైకిళ్లకు అర బోగీ ఇవ్వండి. ఇప్పుడు సైకిల్‌తో రైలెక్కాలంటే లగేజీ ఆఫీసులో బుక్ చేసి బ్రేక్ వ్యాన్‌లో వేయాలి. పార్శిల్ మూటల కింద పడి దిగేసరికి వెనక గేరును పట్టి ఉంచే హ్యాంగర్ వంగి ఉంటుంది. జర్మనీలో ఊళ్ల మధ్య తిరిగే రైళ్లలో సైకిల్‌కు టికెట్ కొని, పక్కనే నిలబెట్టుకుని పోతారు. మన స్టేషన్లో ర్యాంపుకు ఉన్న ఇనుప గేటు దాటించడమే ఒక కుస్తీ.

"డబ్బున్నోళ్ల సరదాకు ఇన్ని కోరికలా" అని ఎవరైనా అంటే ఒప్పుకోను. ఆ రోడ్ల మీద రోజూ సైకిల్ తొక్కేది నేను కాదు. హైస్కూలుకు పక్క ఊరు పోయే పిల్లలు, పాలు పోసి వచ్చే ముసలాయన. టిప్పర్ హారన్‌కు వాళ్లు కూడా తుమ్మ ముళ్లలోకే దిగుతున్నారు. నేను నెలకోసారి వచ్చి గొడవ చేస్తాను, వాళ్లకు అదే బతుకు.

కనీసం బడి వేళల్లోనూ, ఆదివారం పొద్దున పది దాకానూ ఊరి రోడ్ల మీద లోడు టిప్పర్లు ఆపండి. సిటీలో పగలు లారీలకు నో ఎంట్రీ పెట్టి, పోలీసును నిలబెట్టి, ఫైన్ వేయడం మనవాళ్లకు బ్రహ్మాండంగా తెలుసు. అదే పని గండిపేట అవతల ఎందుకు కాదో ఎవరైనా ఒక అధికారి చెప్తే వినాలని ఉంది.