ఆదివారం మ్యాట్నీ మళ్లీ కావాలి

అమెరికాలో తెలుగు సినిమా అంటే ఇప్పుడు ప్రీమియర్ షోనే. ఇండియాలో శుక్రవారం విడుదలైతే ఇక్కడ గురువారం సాయంత్రానికే హాళ్లు నిండిపోతాయి. మా డాలస్ వైపు పెద్ద హీరో సినిమా వస్తే ఒకే మల్టీప్లెక్స్‌లో నాలుగైదు తెరలు దానికే ఇచ్చేస్తారు. టికెట్టు మామూలు రోజుల ధరకి దాదాపు రెట్టింపు. ఆ షోకి వెళ్లి ఒకసారి చుట్టూ చూడండి. ఎమ్మెస్ చదువుతున్నవాళ్లు, కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్లు, ఈమధ్యే పెళ్లయిన జంటలు కనిపిస్తారు. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లు కనిపించరు. ఇక్కడే పుట్టి హైస్కూల్లో చదువుతున్న మన పిల్లలూ కనిపించరు.

ఆ కుర్రవాళ్ల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. చదువుకి తెచ్చిన అప్పు, ఉద్యోగం దొరుకుతుందో లేదోనన్న బెంగ, వీసా టెన్షన్, ఇవన్నీ మోస్తున్న పిల్లలు ఆ మూడు గంటలు అరిచి ఈల వేస్తే తప్పేముంది? మా ఊళ్లో మా అన్నయ్యలూ అంతే చేశారు. ఒక్క కాగితాలు ఎగరేయడం మాత్రం మానాలి. తర్వాతి షోకి ముందు ఆ కాస్త టైములో అదంతా ఊడ్చేది ఒకరో ఇద్దరో. వాళ్లూ మనలాగే గంటల లెక్కన బతికేవాళ్లు.

నా బాధ రానివాళ్ల గురించి. ఆరు నెలల కోసం వచ్చే మన అమ్మానాన్నలు, అత్తమామలు తెలుగు సినిమాని పెంచిన తరం. టూరింగ్ టాకీసు మైకులో ఘంటసాల ‘నమో వెంకటేశా’ వినిపిస్తే, షో వేళయిందని పొలం నుంచి పరుగున వచ్చినవాళ్లు. నేల, బెంచి, కుర్చీ ఏ క్లాసైనా సరే, ఊరంతా ఒకే కథ చూసి మర్నాడు దాని గురించే మాట్లాడుకునేది. మధ్యాహ్నం వంటిల్లు సర్దేసి, ఇరుగుపొరుగు ఆడవాళ్లంతా కలిసి మ్యాట్నీకి వెళ్లడం మా అమ్మకి, అత్తయ్యగారికి పెద్ద పండుగ. అలాంటివాళ్లు ఇక్కడికొచ్చాక సినిమా అంటే “మీరు వెళ్లి రండమ్మా” అంటారు.

ఎందుకంటారో మనం ఎప్పుడైనా అడిగామా? మా అత్తయ్యగారిని అడిగితే చాలాసేపటికి చెప్పారు. చీకట్లో మెట్లు ఎక్కాలంటే భయమట. శబ్దానికి తల దిమ్మెక్కుతుందట. అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది ఇంటర్వెల్. తెర మీద ‘విరామం’ అని పడుతుంది, ఆ వెంటనే రెండో సగం మొదలైపోతుంది. ఇక్కడి హాళ్లలో మధ్యలో ఆపే అలవాటు లేదు. మూడు గంటల సినిమా, ఆపైన షుగరు. అందుకని సినిమా ఉన్న రోజు పొద్దుటి నుంచే ఆవిడ నీళ్లు తాగడం తగ్గించేసేవారట. ఈ సంగతి విన్నాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మన ఇళ్లలో ఇలా దాహం అణుచుకుని సినిమా చూసిన పెద్దవాళ్లు ఇంకెంతమంది ఉన్నారో!

ఇక పిల్లలు. వాళ్లకి తెలుగు సినిమా అంటే ఇష్టం లేదనుకుంటాం, అది నిజం కాదు. 2022లో ‘ఆర్ఆర్ఆర్’ వచ్చినప్పుడు తెలుగు ఒక్క ముక్క రాని అమెరికన్లు హాళ్లలో లేచి డాన్సు చేశారు. మరుసటి ఏడు ‘నాటు నాటు’కి ఆస్కార్ వచ్చింది. స్కూల్లో స్నేహితులు ఆ పాట గురించి అడుగుతుంటే మన పిల్లలు ఎంత గర్వపడ్డారో ఇళ్లలో అందరం చూశాం. ఆ ఉత్సాహాన్ని నిలబెట్టే ప్రయత్నం మాత్రం మనం చేయలేదు. ప్రీమియర్ ఉన్నది గురువారం, శుక్రవారం పొద్దున్నే బడి. పైగా పెద్ద సినిమాల్లో నెత్తురు ఎక్కువైంది. ఇండియా సెన్సార్ బోర్డు 2024 నుంచి యూఏ సర్టిఫికెట్‌ని 7+, 13+, 16+ అని విడగొట్టింది. మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే పోస్టర్ల మీద హీరో పేరు, షో టైములు ఉంటాయి గానీ ఆ అంకె కనిపించదు. ఏ తల్లి ఏ ధైర్యంతో పిల్లల్ని తీసుకెళ్తుంది?

ముగ్గురం కలిసి కూర్చున్నప్పుడు ఏం జరుగుతుందో నేను చూశాను కాబట్టే ఇంతగా అడుగుతున్నాను. మా అమ్మాయి సబ్‌టైటిల్ చదివి డైలాగు పూర్తికాకముందే నవ్వుతుంది. వాళ్ల నానమ్మ డైలాగు విని, పక్కన నాతో ఒకసారి చెప్పించుకుని, అప్పుడు నవ్వుతారు. ఒకే జోకుకి మా వరసలో నవ్వు రెండుసార్లు వస్తుంది. ఒకసారి హీరో హీరోయిన్ వెంటపడే సీను నడుస్తుంటే మా అమ్మాయి ఉండబట్టలేక అడిగేసింది. “నానమ్మా, ఆ అమ్మాయి నో అంటోంది కదా, మళ్లీ ఎందుకు వెంటపడుతున్నాడు?” నేను సర్దిచెప్పబోయాను. అత్తయ్యగారు నా చెయ్యి పట్టుకుని ఆపారు. “నాకూ ఆ రోజుల్లో అలాగే అనిపించేదే తల్లీ. ఎవరితో అనగలం?” అన్నారు. ఇంటికొచ్చేదాకా కారులో వాళ్లిద్దరూ అదే మాట్లాడుకున్నారు. పెళ్లికి ముందు తన వెనకాల సైకిల్ మీద వచ్చిన మనిషి గురించి, బడి మానేయాల్సి వచ్చిన స్నేహితురాలి గురించి అత్తయ్యగారు చెప్పారు. ఇన్నేళ్లలో నాకు ఆ సంగతులేవీ తెలియవు.

నాలుగు వారాలు ఆగితే ఓటీటీలో వస్తుంది కదా అంటారు. వస్తుంది. అప్పుడు హాల్లో టీవీ ముందు పెద్దవాళ్లు, పై గదిలో ఫోనులో పిల్లలు, వంట చేసుకుంటూ మనం, ఒకే సినిమాని ముగ్గురం మూడుచోట్ల చూస్తాం. కారులో ఆ మాటలు పుట్టవు.

అందుకని మన తెలుగు సంఘాన్ని నేను కోరేది ఒకటే. సినిమా విడుదలైన రెండో ఆదివారం, మధ్యాహ్నం ఒంటిగంటకి ఒక హాలు మనమే మాట్లాడుకుందాం. మ్యాట్నీ ధర ఎలాగూ తక్కువ. హాలు మొత్తం తీసుకుంటున్నాం కాబట్టి మధ్యలో పదిహేను నిమిషాలు ఆపమని, శబ్దం కాస్త తగ్గించమని, మెట్ల దగ్గర వెలుతురు ఉంచమని మేనేజర్‌ని ముందే అడగొచ్చు. చెవులు సరిగ్గా వినపడనివాళ్ల కోసం ఇక్కడి హాళ్లలో హెడ్‌సెట్లు ఉంటాయి, అడిగితే ఉచితంగా ఇస్తారు. మనవాళ్లలో చాలామందికి ఆ సంగతే తెలియదు. మెట్లు ఎక్కనక్కర్లేని సీట్లు పెద్దవాళ్లకి అట్టేపెడదాం. పోస్టరు మీద సర్టిఫికెట్ అంకె పెద్దక్షరాల్లో వేద్దాం.

ప్రతిసారీ కొత్త సినిమానే వేయాలని లేదు. 2022 ఆగస్టులో మహేశ్‌బాబు పుట్టినరోజుకి ‘పోకిరి’ మళ్లీ వేసినప్పటి నుంచి పాత సినిమాలు హాళ్లకి తిరిగి రావడం మామూలైంది. అయితే ఆ జ్ఞాపకాలన్నీ ఒక్క తరానివే. 1957 నాటి ‘మాయాబజార్’కి రంగుల ప్రతి 2010 నుంచీ ఉంది. ఘటోత్కచుడు లడ్డూలు మింగుతుంటే ఏ పిల్లకీ సబ్‌టైటిల్ అక్కర్లేదు. ఏ సినిమా వేయాలో ఒకసారి పెద్దవాళ్లని అడుగుదాం, ఒకసారి పిల్లల్ని.

కారు నడపని పెద్దవాళ్లని తీసుకురావడం ఎలా అని కొందరు అడిగారు. ఎమ్మెస్ చదివే పిల్లల్ని అడుగుదాం. ఇంట్లో అమ్మమ్మని, తాతయ్యని వదిలి వచ్చిన పిల్లలు వాళ్లు. కారులో ఇద్దరు పెద్దవాళ్లని తెచ్చినవారికి టికెట్టు, ఇంటర్వెల్లో సమోసా, చాయ్ సంఘం తరఫున ఇద్దాం. మా కాలనీలో పెద్దవాళ్ల పేర్లు రాసుకోవడం నేను మొదలుపెట్టాను. మీ కాలనీలో ఎవరున్నారో కార్యవర్గానికి చెప్పండి.