పోపోవ్ అంటే పోప్‌గారి మనవడు కాదు

పోపోవ్ అనే రష్యన్ ఇంటిపేరు మీద తిరుగుతున్న ఫార్వర్డ్ మీకూ వచ్చే ఉంటుంది. మా ఫ్యామిలీ గ్రూపులోకి ఇప్పటికి మూడుసార్లు వచ్చింది. అందులో ఉన్నది ఇదీ. పోపోవ్‌లంతా రోమ్ పోప్ సంతానమట. పోప్‌లు పెళ్లి చేసుకోకూడదు కాబట్టి బిడ్డల్ని గుట్టుగా రష్యా పంపేశారట. రేడియో శాస్త్రవేత్త, ఒలింపిక్ ఈతగాడు, సర్కస్ క్లౌన్, వ్యోమగామి, ఒక గూఢచారి, అందరిదీ ఒకే వంశమట, పోపోవా అనే చిత్రకారిణి ఆ శాస్త్రవేత్త భార్యట. కమ్యూనిస్టులు వచ్చాక ఈ పేరునే నిషేధించారట. చివరగా, రేడియోని పోపోవ్ ఒక్కడే కనిపెడితే మార్కోనీ కొట్టేశాడట. ఇందులో నిలబడే మాట ఒక్కటీ లేదు, ఒక్కొక్కటీ చూద్దాం.

ముందు ఆ పోప్ సంగతి. రష్యన్‌లో ‘పోప్’ అంటే ఊరి చర్చిలో పూజలు చేయించే ఆర్థడాక్స్ (రష్యాలో ఎక్కువమంది పాటించే క్రైస్తవ శాఖ) ఫాదర్. రోమ్‌లో ఉండే పోప్‌ని వాళ్లు ‘పాపా రీమ్‌స్కీ’ అంటారు, అది వేరే మాట. రెండూ వెనక్కి పోతే గ్రీకులో నాన్న అనే అర్థమున్న మాట దగ్గర కలుస్తాయి, ఉన్న చుట్టరికం అంతే. ఇక పెళ్లి కాకూడదన్న నియమం కేథలిక్ ఫాదర్లది. ఆర్థడాక్స్ చర్చిలో బిషప్పులు, సన్యాసులు బ్రహ్మచారులుగా ఉంటారు గానీ ఊరి ఫాదర్లకు పెళ్లాం పిల్లలు మామూలే, పెళ్లి చేసుకున్నాకే ఆ పదవిలోకి వెళ్తారు. కాబట్టి దాచాల్సిన బిడ్డలూ లేరు, గుట్టుగా పంపాల్సిన అవసరమూ లేదు.

మరి ‘ఓవ్’ ఎక్కడిది? మన పల్లెల్లో కొత్త కుర్రాడు కనిపిస్తే అరుగు మీద కూర్చున్న పెద్దాయన ‘ఎవరబ్బాయివిరా?’ అని అడుగుతాడు, వాడు ‘పూజారిగారబ్బాయినండీ’ అంటాడు. రష్యాలో ఆ ప్రశ్న ‘చెయ్?’, అంటే ‘ఎవరి వాడివి?’ అని. దానికి జవాబే పోపోవ్, అంటే ‘పూజారిగారి వాణ్ని’. ఇవాన్ తాలూకు వాడు ఇవానోవ్. కుజ్‌నెత్స్ అంటే కమ్మరి, అతని వాడు కుజ్‌నెత్సోవ్. అయితే ‘పూజారిగారి వాడు’ అంటే కొడుకే కానక్కర్లేదు. ఆయన పొలంలో పనిచేసే జీతగాడూ కావచ్చు, చర్చి అంటే ప్రాణం పెట్టే మనిషికి ఊరివాళ్లు తగిలించిన ముద్దుపేరు ‘పోప్’ అయితే అతని పిల్లలూ కావచ్చు. పైగా చాలామంది రైతు కుటుంబాలకు ఇంటిపేరు కాగితాల మీద స్థిరపడింది 1861లో రైతుల్ని భూస్వాములకు కట్టిపడేసిన వెట్టి వ్యవస్థ రద్దయ్యాకే.

నిజంగా ఫాదర్ల కుటుంబాల్లో పుట్టిన చాలామందికి పోపోవ్ అన్న పేరే ఉండదు. చర్చి బడుల్లో చేరిన కుర్రాళ్లకు అక్కడి పెద్దలు కొత్త ఇంటిపేర్లు పెట్టేవాళ్లు, పండగల పేరు మీద త్రోయిత్‌స్కీ, ఉస్పెన్‌స్కీ అనో, లాటిన్ మాట మీదో. రాజ్యాంగ సంస్కరణలకు పేరుపడ్డ మిఖాయిల్ స్పెరాన్‌స్కీ పల్లెటూరి ఫాదర్ కొడుకు, ఆ పేరు బడిలో వచ్చిందే, లాటిన్‌లో ఆశ అనే మాట నుంచి.

ఒకే వంశం అన్నది అసలు తప్పు. మనకు ఒకే ఇంటిపేరు అనగానే దాయాదులు అనిపిస్తుంది, ఆ అలవాటుతోనే ఈ మాట నమ్మేస్తున్నాం. కానీ రష్యాలో వేల ఊళ్లలో చర్చి ఉండేది, చర్చికో ఫాదర్ ఉండేవాడు, అంటే పోపోవ్ అన్న పేరు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా వేల చోట్ల పుట్టగలదు. అందుకే అది ఆ దేశంలో బాగా ఎక్కువగా వినపడే మొదటి పది పేర్లలో ఉంది. రష్యాకే పరిమితం కూడా కాదు. బల్గేరియాలో పోపోవ్‌లు కొల్లలు, సెర్బియాలో పోపోవిచ్, రొమేనియాలో పోపెస్కు, గ్రీసులో పాపడోపులోస్, అన్నింటి అర్థమూ ఒకటే. ఫార్వర్డ్‌లో రష్యా గూఢచారిగా చూపించిన దుష్కో పోపోవ్ అసలు రష్యన్ కాదు, 1912లో టీటెల్‌లో పుట్టిన సెర్బ్. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లకు పనిచేస్తున్నట్టు నటిస్తూ బ్రిటన్ గూఢచార సంస్థ ఎంఐ5కి సమాచారం చేరవేశాడు.

శాస్త్రవేత్త, ఈతగాడు ఇద్దరి పేరూ అలెగ్జాండర్ పోపోవే, ఇద్దరూ యూరల్ కొండల ప్రాంతం వాళ్లే, అందుకని తాతామనవళ్లని రాసేశారు. శాస్త్రవేత్త 1859లో అక్కడి గనుల ఊళ్లో పుట్టాడు, ఆయన తండ్రి మాత్రం నిజంగానే ఫాదర్. ఈతగాడు 1971లో లెస్నోయ్‌లో పుట్టాడు. అది 1947లో అణు కర్మాగారం కోసం కట్టిన, అనుమతి లేనిదే ఎవరినీ రానివ్వని పట్టణం, జనం దేశం నలుమూలల నుంచీ వచ్చి చేరారు. ఊళ్లు దగ్గరైనంత మాత్రాన రక్తసంబంధం వచ్చేయదు. అయినా ఈతగాడి గొప్పతనానికి ఎవరి వంశమూ అక్కర్లేదు. 1992, 1996 ఒలింపిక్స్ రెండింటిలోనూ 50, 100 మీటర్ల ఫ్రీస్టైల్ స్వర్ణాలు రెండేసి గెలిచాడు. 1996 ఆగస్టులో మాస్కో వీధిలో పుచ్చకాయల వ్యాపారితో గొడవలో కత్తిపోటు తగిలి చావు అంచుకు వెళ్లాడు, తిరిగి నీళ్లలో దిగి 2003లో, 31 ఏళ్ల వయసులో, ప్రపంచ చాంపియన్‌షిప్‌లో ఆ రెండు పోటీలూ మళ్లీ గెలిచాడు.

పోపోవా విషయంలో నాకు నిజంగా బాధేసింది. రష్యన్‌లో ఆడవాళ్ల ఇంటిపేరు చివర ‘ఆ’ చేరుతుంది, పోపోవ్ కూతురైనా భార్య అయినా పోపోవాయే. ల్యుబోవ్ పోపోవాకు ఆ పేరు మొగుడి నుంచి రాలేదు. ఆమె మాస్కో దగ్గర 1889లో పుట్టింది, తండ్రి పోపోవ్ బట్టల వ్యాపారి. 1918లో పెళ్లాడింది బోరిస్ ఫాన్ ఎడింగ్ అనే కళా చరిత్రకారుణ్ని, అయినా సంతకం పోపోవా అనే చేసింది. రేడియో పోపోవ్ పోయేనాటికి ఈమెకు పదహారేళ్లు, ఆయన భార్య రైసా అనే డాక్టరు. ల్యుబోవ్ రంగుల పలకలు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయే బొమ్మలు వేసింది, 1922లో నాటకానికి చక్రాలు, నిచ్చెనలతో రంగస్థలం కట్టింది, ఆ తర్వాత మిల్లులో చీటీ గుడ్డలకు డిజైన్లు గీసింది. 1924లో కొడుకు స్కార్లెట్ ఫీవర్‌తో పోయాడు, కొద్ది రోజులకే అదే జబ్బుతో ఆమె కూడా పోయింది. 35 ఏళ్లు. అలాంటి మనిషిని ఎవరి భార్యో చేసి ఒక్క లైన్లో తేల్చేయడం అన్యాయం.

నిషేధం మాట. ఫాదర్లకు, సన్యాసులకు 1918 రాజ్యాంగం ఓటు హక్కు తీసేసింది, వాళ్ల పిల్లలకు కాలేజీ సీట్ల దగ్గర ఇబ్బందులు వచ్చాయి, అది నిజం. కానీ ఇంటిపేరు మీద నిషేధం లేదు. మార్కియాన్ పోపోవ్ ఎర్రసైన్యంలో జనరల్. లియొనిద్ పోపోవ్ 1980లో సల్యూత్-6 అంతరిక్ష కేంద్రంలో 185 రోజులు గడిపి సోవియట్ వీరుడి బిరుదు తీసుకున్నాడు. గళ్ల టోపీ సర్కస్ క్లౌన్ ఒలెగ్ పోపోవ్‌ని 1969లో ప్రభుత్వమే దేశపు అత్యున్నత కళాకారుల్లో ఒకడిగా గుర్తించింది. రింగ్‌లో పడే లైటు వెలుగులో ఎండ కాచుకుంటూ కూర్చుని, చివరికి ఆ వెలుగునే పోగుచేసి వల సంచిలో వేసుకుని వెళ్లిపోయే ఆట ఆయనదే.

ఇక రేడియో. క్రోన్‌స్టాట్ నేవీ స్కూల్లో పాఠాలు చెప్పే పోపోవ్ మాస్టారు 1895 మే 7న పీటర్స్‌బర్గ్‌లో శాస్త్రవేత్తల ముందు ఒక పరికరం చూపించాడు. అందులో లోహపు రజను నింపిన గాజు గొట్టం ఉంటుంది. విద్యుత్ తరంగం తగిలితే రజను ఒకదానికొకటి పట్టుకుని కరెంటు పారుతుంది, మళ్లీ పని చేయాలంటే గొట్టాన్ని తట్టి రజను విడదీయాలి. ఆ కరెంటుతోనే గంట మోగేట్టు, మోగిన సుత్తే వెనక్కి వచ్చి గొట్టాన్ని తట్టేట్టు ఆయన అమర్చాడు. దూరాన పిడుగు పడితే ఇక్కడ గంట మోగుతుంది, తనంతట తనే సిద్ధమై మళ్లీ మోగుతుంది. ఎంత ముచ్చటైన ఆలోచనో చూడండి. కానీ రజను గొట్టం ఫ్రాన్స్‌లో బ్రాన్‌లీది, 1894లో ఇంగ్లండ్‌లో దాంతో తరంగాలు పట్టి చూపించింది లాడ్జ్, అదే రోజుల్లో కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ గోడల అవతలి గంట మోగించి చూపించాడు. 1896 మార్చిలో పోపోవ్ మొదటి రేడియో సందేశం పంపాడన్న కథ ఎన్నో ఏళ్ల తర్వాతి జ్ఞాపకాల మీద నడుస్తోంది, ఆనాటి సమావేశపు మినిట్స్‌లో పరికరాలు చూపించాడనే ఉంది. మార్కోనీ 1896 జూన్‌లో ఇంగ్లండ్‌లో పేటెంట్‌కి దరఖాస్తు పెట్టి, దూరం పెంచుకుంటూ పోయాడు. కొట్టేశాడనడానికి ఆధారం లేదు, ఒక్కడే కనిపెట్టాడనడానికి ఇద్దరి విషయంలోనూ లేదు.

పోపోవ్ పని చూడాలంటే 1900 చలికాలానికి వెళ్లాలి. ఆప్రాక్సిన్ అనే రష్యా యుద్ధనౌక ఫిన్లాండ్ సింధుశాఖలోని గోగ్లాండ్ దీవి దగ్గర రాళ్లెక్కి మంచులో ఇరుక్కుంది. దీవికీ కోట్కా తీరానికీ మధ్య నలభై కిలోమీటర్లకు పైగా, గడ్డకట్టిన సముద్రం మీద తీగ వేసే దారి లేదు. పోపోవ్ తీరం వైపు, ఆయన సహాయకుడు రీబ్కిన్ దీవి మీద స్తంభాలు ఎత్తించి వైర్‌లెస్ కలిపారు. దీవికి చేరిన మొదటి వార్తల్లో ఒకటి నౌక గురించి కాదు. మంచు పలక విరిగి జాలరులు సముద్రంలోకి కొట్టుకుపోతున్నారు, మంచు కోసే ఓడ యెర్మాక్ వెంటనే బయల్దేరాలి అని. యెర్మాక్ వెళ్లింది, వాళ్లను ఎక్కించుకొచ్చింది.