చికాగో 2008 గారికి ఒక పార్కింగ్ బాధితుడి లేఖ

మహారాజశ్రీ చికాగో నగరపు 2008వ సంవత్సరం గారి దివ్యసముఖానికి,

ఉభయకుశలోపరి. మొన్న శనివారం డెవాన్ అవెన్యూలో కందిపప్పు, కరివేపాకు కొనుక్కుని, కనబడ్డ పాత స్నేహితుడితో రెండు మాటలు మాట్లాడి వచ్చేసరికి కారు వైపరు కింద కవరు పెట్టి ఉంది. యాభై డాలర్లు. అప్పటికే మీటరుకు కట్టింది అదనం. మీటరు డబ్బు నగరం దగ్గర పార్కింగ్ మీటర్లు లీజుకు తీసుకున్న ప్రైవేటు కంపెనీకి, జరిమానా నగరానికి. పంపకం బాగుంది, జేబు మాత్రం ఒకటే. దీనికి మూలపురుషులు తమరే కాబట్టి ఈ లేఖ తమకే.

తమరు మామూలు సంవత్సరం కారు. లీపు సంవత్సరం. అందరికన్నా ఒక రోజు ఎక్కువే ఇచ్చారు తమకు. ఆ 366 రోజుల్లో మంచిరోజులు లేకపోలేదు. నవంబరు 4 రాత్రి గ్రాంట్ పార్కులో ఒబామా మాట్లాడుతుంటే లక్షల మంది ఏడ్చారు, నవ్వారు. ఆ ఒక్క రాత్రికి తమకు చాలా మాఫీ చేశాం. మా బేస్‌బాల్ జట్టు కబ్స్‌ను 97 మ్యాచ్‌లు గెలిపించి, 1908 తర్వాత కప్పు లేని కరువుకు సరిగ్గా నూరేళ్ళు నిండే వేళ, ప్లేఆఫ్స్‌లో వరసగా మూడు మ్యాచ్‌లు ఓడించి ఇంటికి పంపారు. మాఫీ. సెప్టెంబరులో ఒక్క రోజు వానతో బేస్‌మెంట్లు ముంచారు. మాఫీ. మిడ్‌వే విమానాశ్రయాన్ని 99 ఏళ్ళకు లీజు బేరం పెట్టారు. తర్వాతి ఏడాది అవతలివాళ్ళకు అప్పు పుట్టక బేరం చెడింది కాబట్టి అదీ మాఫీ.

డిసెంబరు 4 మాత్రం మాఫీ లేదు సార్.

డిసెంబరు 2న మేయర్ రిచర్డ్ ఎం. డేలీ గారు ఆ మీటర్ల లీజు ఒప్పందం ప్రకటించారు. 4వ తేదీకల్లా కౌన్సిల్‌లో 40 మంది సరే అన్నారు, అయిదుగురు వద్దన్నారు. దాదాపు 36,000 మీటర్లు, 75 ఏళ్ళు, సుమారు 115 కోట్ల డాలర్లు. మధ్యలో కాగితాలు చదవడానికి ఎంత టైం దొరికిందో తమకే తెలియాలి. మిగతా 364 రోజులూ తమరు ఏం చేస్తున్నట్టు?

మరుసటి ఏడాది నగర ఇన్‌స్పెక్టర్ జనరల్, అంటే నగరపాలనను తనిఖీ చేసే అధికారి, లెక్క కట్టి, ఇంకో 97 కోట్ల డాలర్లకు పైగా రావాల్సిందని తేల్చాడు. వచ్చిందైనా దాచారా? బడ్జెట్ చిల్లులు పూడ్చుకోవడానికి వాడారు. 2011లో డేలీ గారు కుర్చీ దిగేనాటికే చాలావరకు ఖర్చయిపోయింది. పాడి గేదెను 75 ఏళ్ళకు కౌలుకిచ్చి, ఆ డబ్బుతో ఆ నెలకు పాలు కొనుక్కున్నట్టుంది తమ వ్యవహారం. కంపెనీ పెట్టిన సొమ్మేమో ఎప్పుడో తిరిగొచ్చేసింది. ఇప్పుడు మేం వేసేదంతా లాభంలోకే.

లీజుకు ముందు చాలా పేటల్లో మీటరు గంటకు పావు డాలరు. 2009లో డాలరు, 2013కల్లా రెండు డాలర్లు. డౌన్‌టౌన్ లూప్‌లో మూడు నుంచి ఆరున్నర. అది కూడా ఓర్చుకుందాం, ధరలు ఎక్కడ పెరగలేదు? కానీ ఒప్పుకున్న హద్దు దాటి వీధి మూస్తే, అది ఊరేగింపుకైనా, రోడ్డు మరమ్మతుకైనా, నగరమే కంపెనీకి పరిహారం కట్టాలట! సైకిల్ దారి వేద్దామని మీటర్లున్న జాగా తీస్తే కంపెనీకి ఆ మేరకు లెక్క సరిచేయాలి. మన రోడ్డు మనం తవ్వుకోవడానికి మనమే అద్దె కట్టాలి. ఇదేం తెలివయ్యా నీది? చదవకుండా సంతకం పెట్టించడానికి అంత తొందరేమొచ్చింది నీకు?

ఇంకా ఉంది. ఆ 4వ తేదీ తర్వాత అయిదో రోజున మా ఇల్లినాయ్ రాష్ట్ర గవర్నర్ బ్లగోయెవిచ్‌ను ఎఫ్‌బీఐ తెల్లవారుజామున ఇంటి దగ్గరే అరెస్టు చేసింది. ఒబామా ఖాళీ చేసిన, తను భర్తీ చేయాల్సిన సెనేట్ సీటును బేరం పెట్టాడని కేసు. పాపం, ఒక్క సీటు. అదే 36,000 జాగాలు ఒకేసారి తెగనమ్మితే కేసు లేదు, చప్పట్లే.

మా పంచాంగంలో ఆ ఉగాదికి వచ్చిన నీ పేరు సర్వధారి. అరవై ఏళ్ళ చక్రం తిరిగి 2068లో సర్వధారి మళ్ళీ వస్తుంది. నీకు షష్టిపూర్తి చేసి, కొత్త బట్టలు పెట్టి, అక్షింతలు వేశాక కూడా లీజు ఇంకా పదిహేనేళ్ళు మిగిలే ఉంటుంది! అప్పుడు డెవాన్‌లో మీటరుకు డబ్బు కట్టే పిల్లల్లో చాలామంది ఇంకా పుట్టనే లేదు. వాళ్ళనడిగావా?

నిన్ను పూర్తిగా తిట్టనివ్వని వారం కూడా అదే, అదొక చిరాకు. ఓటు పడిన మర్నాడే, ఉన్నట్టుండి మూసేసిన రిపబ్లిక్ విండోస్ అనే కిటికీల ఫ్యాక్టరీలో కార్మికులు కదిలేది లేదని లోపలే కూర్చున్నారు. ఆరు రోజులు. రావాల్సిన జీతం, సెలవు డబ్బు రాబట్టుకునే లేచారు. అదే ఊరు, అదే చలి. వాళ్ళకేం రావాలో వాళ్ళకు పైసాతో సహా తెలుసు. ఆ నలభై మందిని కౌన్సిల్‌కు కాకుండా ఆ ఫ్యాక్టరీకి పంపి, బేరం ఎలా ఆడాలో చూసి రమ్మనాల్సింది నువ్వు.

యాభై డాలర్లు నిన్న కట్టేశాను. ఆలస్యమైతే రెట్టింపు చేస్తారు.

ఇట్లు,
మీటరు తిరుగుతున్న ఒక విధేయుడు